ప్రతులును పాఠాంతరములును



నేను పి.గన్నవరము వాడను. మా యూరి పేరు చెప్పినంతనే వినువారికి ముందుగా స్ఫురించునది వైనతేయ గోదావరిపైని అక్విడక్టు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరపు ఆనకట్ట లేచినది. కాటన్ దొరగారి క్రింద పనిచేసిన హేగ్ అను ఇంజనీరు ఆ కాలువనీటిని నదిమీదుగా నగరము లంకకు దాటించుటకై, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులతో మా యూరివద్ద ఈ కట్టడము కట్టించెను. తరతరములు అది ఆ భారమును మోసినది. పిదప 2000 సంవత్సరమున దాని ప్రక్కనే మఱియొకటి కట్టి, అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. క్రొత్తదానికొఱకు పాతదానిని ముందుగా కూల్చలేదు. ప్రక్కను క్రొత్తది సిద్ధమైన పిమ్మటనే నీరు మరలినది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ప్రసంగము తుదను దీనితో పనికలదు.

నేడు నేను చెప్పబోవునది నీటినిగూర్చి కాదు, వ్రాతనుగూర్చి. ఒక వ్రాతను పలువురు దిద్దునప్పుడు, ఏ మార్పు ఎవరు చేసిరో, ఎప్పుడు చేసిరో, ఎందులకు చేసిరో తెలియునట్లు కాపాడు విద్య యొకటి కలదు. కంప్యూటరు పనివారు దానిని వెర్షన్ కంట్రోల్ అందురు. పాత ప్రతులను భద్రపఱచి, క్రొత్త ప్రతులను వానితో పొందుపఱచు విద్య యని మనము చెప్పుకొనవచ్చును. ఆ విద్య చరిత్రను నేను ఒక తప్పు చేసి తెలిసికొంటిని. ఆ తప్పునే ముందుగా చెప్పెదను.

మూడేండ్ల క్రిందట నేనును, గ్రామోద్యోగము చేసి విశ్రాంతులైన నా మిత్రులును కలసి, మా ప్రాంతమున బడులకును, బావులకును, సత్రములకును భూదానము చేసినవారి పట్టికతో ఒక చిన్న పుస్తకము కూర్చితిమి. కాకినాడలోనున్న మా మేనల్లుడు దానిని కంప్యూటరులో టైపుచేసి పెట్టెను. అతడు కార్యార్థియై విదేశమునకు పోవుటచే కడపటి రెండు నెలలు మేమిద్దఱమును ఎవరి యింట వారము ఎవరి ప్రతిని వారము దిద్దుకొంటిమి. నా కంప్యూటరులో ‘చివరి ప్రతి’ యనియు, ‘అసలు చివరి ప్రతి’ యనియు, ‘ఇదే చివరి ప్రతి’ యనియు దొంతరలు పేరుకొనినవి. అందొకటి అచ్చునకు పోయినది.

పుస్తకము పంచిన మూడవనాడు ఒక వృద్ధురాలు చేతికఱ్ఱ పట్టుకొని మా యరుగుమీదికి వచ్చినది. "మాస్టరుగారూ, మా బావగారి పేరు వేశారండి, మావారి పేరేదండీ?" అని అడిగినది. అన్నదమ్ములిద్దఱును బడికి చెఱికొంత భూమి ఇచ్చినవారు. ఇంటిపేరు ఒకటే, పేరులో ఒక్క యక్షరమే భేదము. పుస్తకమున అన్న పేరున్నది, తమ్ముని పేరు లేదు. ఆమె కోపపడలేదు. "చదువురానిదాన్ని, నా మనుమరాలు రెండుసార్లు వెదికిందండి" అని మాత్రము చెప్పి వెళ్లినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మఱునాడు మిత్రుల కడకు పోయి, "ఆ పంక్తి మీ ప్రతిలో పోయినదేమో చూచుకొనుడు" అంటిని. ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన చేయి వారిది. వారు నన్నొకమాఱు చూచి లోపలికి పోయిరి. అటుపిమ్మట నాలుగు నెలలు మా యరుగు త్రొక్కలేదు.

వారి కోపమునకు కారణము కలదు. మనలో కరణీకము నెఱిగినవారు పెక్కుమంది. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవిగాని ఆ లెక్కల మర్యాద మనకు జ్ఞాపకమున్నది. అంకె తప్పుపడినచో గీకివేయరాదు. పాత యంకె కనబడునట్లు అడ్డగీత గీసి, సరియైనది పైని వేసి, ప్రక్కను పొడి సంతకము చేయవలెను. తప్పు చేయుట నేరము కాదు. తప్పును కనబడకుండ చేయుట నేరము. వెర్షన్ కంట్రోల్ విద్యకంతకును మూలసూత్రమిదియే.

మన సాహిత్యమునకును ఈ చిక్కు క్రొత్తది కాదు. తాటియాకుల ప్రతులను ఒకరినుండి యొకరు వ్రాసికొనుచుండగా, ఒకచోట అక్షరము జాఱెను. మఱియొకచోట లేఖకుడు తనకు తోచినది చేర్చెను. ఇట్లు పాఠాంతరములు పుట్టినవి. 1817లో చెన్నపట్టణమునకు వచ్చి, కడపలోను, మచిలీబందరులోను, మన రాజమహేంద్రవరములోను కొలువు చేసిన బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, సొంత జీతముతో పండితులను నిలిపి, పంక్తికి పంక్తి సరిపోల్పించెను. వేమన పద్యములు 693 ఏర్చి 1829లో అచ్చువేయించెను. 1839లో మరల వేయించునప్పటికి అవి 1164 అయినవి. అయినను ఆయనకొక లోపము తీఱలేదు. వేమన నోట వెలువడిన మొదటి ప్రతి ఎవరివద్దను లేదు. కావున ఏది మూలమో, ఏది చేర్పో పండితులు ఊహించి నిర్ణయింపవలసినదే. మూలప్రతియును, నడుమ జరిగిన మార్పులును భద్రముగానున్నచో ఆ శ్రమలో ముప్పాతిక తప్పెడిది.

కంప్యూటరువారు చేసినది సరిగా ఇదియే. కంప్యూటరు చేయవలసిన పనులను వరుసగా చెప్పు వ్రాతయే ప్రోగ్రాము. అట్టి వ్రాతలు లక్షల పంక్తులుండును, వందలమంది దిద్దుచుందురు. ఒక్క గుర్తు తప్పినను పని నిలిచిపోవును. నిన్న చక్కగా నడచినది నేడు నడువనిచో, నిన్నటికిని నేటికిని నడుమ మాఱినదేమో తెలియవలెను. ఈ యవసరమునకై 1972లో అమెరికాదేశపు బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ అనునాతడు ఎస్‌సీసీఎస్ అను సాధనమును నిర్మించెను. ప్రతి మార్పుకు సంఖ్య, తేదీ, చేసినవాని పేరు, కారణము అందు నిలిచినవి. పిదప 1980ల యారంభమున పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ అను రెండవ సాధనము చేసెను. అది క్రొత్త ప్రతిని సంపూర్ణముగా నుంచి, పాతవానికి పోవుటకు కావలసిన భేదములను మాత్రమే దాచునది. మనము తఱచుగా కోరునది క్రొత్త ప్రతినే కావున ఆ యేర్పాటు మేలైనది.

ఈ రెండింటను ఒక యిబ్బంది కలదు. అవి తాళపు పద్ధతులు. ఒకడు దిద్దుటకు పుచ్చుకొన్న వ్రాతను వాడు తిరిగి యిచ్చువఱకు మఱియొకడు దిద్దరాదు. ఊరి గ్రంథాలయమున భారతమొక్కటే ప్రతియున్నట్లు, ఒకరు పట్టుకొనిపోయిన నెలదినములు తక్కినవారు ఎదురుచూడవలసినదే.

ఆ తాళమును విప్పినవాడు హాలండుదేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరపు అధ్యాపకుడు డిక్ గ్రూన్. 1984లో ఆయనయు, ఇద్దఱు విద్యార్థులును కలసి ఒక పని పూనుకొనిరి. ఒక విద్యార్థి ఉదయము తొమ్మిది మొదలు సాయంకాలము ఐదువఱకు క్రమముగా పనిచేయువాడు. రెండవవానికి వేళాపాళా లేదు. గురువునకు సాయంకాలములే తీఱిక. తాళము వేసికొని కూర్చున్నచో పని సాగదు. కావున ముగ్గురును తలకొక ప్రతి తీసికొని దిద్దుకొని, తరువాత కలుపుకొను ఏర్పాటు చేసెను. 1986లో దానిని లోకమునకు విడిచెను. అదియే సీవీఎస్.

కలుపుట యెట్లో కొంచెము విప్పి చెప్పవలెను, ఏలయన నా తప్పు బయటపడినది ఇక్కడనే. రెండు ప్రతులను మాత్రమే ఎదురెదురుగా నుంచినచో, ఒకదానిలోనున్న పంక్తి రెండవదానిలో లేనప్పుడు, మొదటివాడు చేర్చెనో, రెండవవాడు తీసివేసెనో తెలియదు. బ్రౌను పండితుల చిక్కు ఇదియే. ఆ యిద్దఱును బయలుదేఱిన పూర్వప్రతిని మూడవదిగా ప్రక్కనుంచినచో తెలిసిపోవును. పూర్వప్రతిలో పంక్తి యున్నచో రెండవవాడు తీసివేసినాడు. లేనిచో మొదటివాడు చేర్చినాడు. ఒక్కరే మార్చినచోట యంత్రము ఆ మార్పును స్వీకరించును. ఇద్దఱును ఒకేచోట వేఱువేఱుగా మార్చినచో యంత్రము తీర్పుచెప్పదు. రెండు పాఠములను చూపి, "మీరే తేల్చుకొనుడు" అని నిలుచును. ఇంతకు మించిన తెలివి దానికి లేదు. ఉన్నట్లు మనము భ్రమపడరాదు.

సీవీఎస్‌లోని లోపములు దిద్దుటకై 2000లో సబ్‌వర్షన్ అను దానిని ఆరంభించిరి. 2004లో దాని మొదటి సంపూర్ణరూపము వెలువడెను. ఇందు మూలగ్రంథము ఒక్క కచేరీలోనుండును. మార్పులకు 1, 2, 3 అని వరుస సంఖ్యలు. పనివారందఱు అక్కడినుండి ప్రతి తెచ్చుకొని, దిద్ది, అక్కడికే పంపవలెను. తాలూకా కచేరీలో అసలు రిజిస్టరును, గ్రామమున నకలును ఉన్నట్టి ఏర్పాటిది. కచేరీకి దారి తెగినచో క్రొత్త మార్పును నమోదుచేయుటకు వీలులేదు.

ఇక గిట్ అను దాని కథ. ఫిన్లాండుదేశస్థుడైన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అను దానిని ఆరంభించెను. లోకమందలి వేలమంది దానికి మార్పులు పంపుచుండిరి. 2002 మొదలు వారు బిట్‌కీపర్ అను ఒక వ్యాపారసంస్థవారి సాధనమును ఉచితముగా వాడుకొనిరి. 2005లో, ఆ సాధనపు లోగుట్టును ఒకరు శోధించిరను వివాదము పుట్టి, ఆ యుచితపు సదుపాయము నిలిచిపోయెను. టోర్వాల్డ్స్ ఏప్రిలు 3వ తేదీని తానే క్రొత్త సాధనము వ్రాయ మొదలిడెను. నాలుగవనాటికి, అనగా 7వ తేదీకి, ఆ సాధనపు వ్రాతను ఆ సాధనమే కాపాడుచుండెను. జూనులో లినక్స్ క్రొత్త రూపము దానితోనే వెలువడెను. జూలైలో దాని బాధ్యతను జూనియో హమానో చేతికి అప్పగించెను. అదే ఏప్రిలునెలలో, అదే కారణముచే, మెర్క్యురియల్ అను మఱియొక సాధనమును పుట్టినది.

గిట్ ప్రత్యేకత యేమనగా, ఇందు కచేరీ, గ్రామము అను భేదము లేదు. పనిచేయు ప్రతివానివద్దను మొదటినుండి కడవఱకు చరిత్రయంతయు నుండును. ఒకచోట యిల్లు కాలినను వేఱొకచోట గ్రంథము నిలుచును. మఱియు ప్రతి మార్పునకును అంకెలు, అక్షరములు కలసిన 40 గుర్తుల వరుస యొకటి పేరగును. ఆ వరుసను ఎవరును పెట్టరు. వ్రాతలోని విషయమునుండియు, దాని ముందటి మార్పు పేరునుండియు గణితముచే పుట్టును. కావున పాత మార్పులో ఒక్క యక్షరము దొంగతనముగా మార్చినను, అటుపైనివాని పేర్లన్నియు మాఱిపోయి గుట్టు బయటపడును. పొడి సంతకమునకు ఇంతటి బలము కరణములయెదుట ఎన్నడును లేకుండెను.

అయినచో ఇన్ని సాధనములలో దేనిని నేర్చుకొనవలెను? పాతదానిని విడిచి క్రొత్తదానికి పోవుట యెట్లు? పైథాన్ అను ప్రోగ్రాము భాషవారి మార్గము చూడుడు. వారు సీవీఎస్ నుండి 2005లో సబ్‌వర్షన్‌కును, 2011లో మెర్క్యురియల్‌కును, 2017లో గిట్‌కును మాఱిరి. మూడు మాఱులు ఇల్లు మార్చినను వెనుకటి చరిత్రను వెంట తీసికొనిపోయిరి. మాఱలేనివారికొఱకు వారధియు కలదు. 2006 మొదలు గిట్‌లో సబ్‌వర్షన్‌తో మాటలాడు భాగమొకటి యేర్పడినది. దానిచే కచేరీ పాతదై సబ్‌వర్షన్‌లోనున్నను, పనివాడు తన యింట గిట్‌తో పనిచేసికొని, తన మార్పులను తిరిగి కచేరీకి పంపవచ్చును. నియమము మాత్రము పాటింపవలెను: పంపుటకు ముందు కచేరీలోని క్రొత్త మార్పులను తెచ్చుకొని, తన మార్పులను వానిపైని వరుసగా పేర్చుకొనవలెను, పాయలు పాయలుగా పంపరాదు, ఏలయన పాత కచేరీకి ఒక్క వరుసయే తెలియును. మఱియు సబ్‌వర్షన్ పనివాని పొట్టిపేరునే దాచును. గిట్ నిండుపేరును, చిరునామాను కోరును. కావున ఎవరి పొట్టిపేరు ఎవరిదో తెలుపు పట్టిక ముందుగా వ్రాసికొనవలెను. ఆ పట్టిక తప్పినచో ఒకరు చేసినపని మఱియొకరి తలపై పడును.

ఆ తలపై పడుట నాకు తెలియును. నా కథ ముగించెదను.

సంక్రాంతికి మా మనుమడు వచ్చెను. అతడు హైదరాబాదులో ఈ పనియే చేయువాడు. నా గోడు విని, "తాతగారూ, మామయ్యగారు ఆ పుస్తకము ఎచ్చట దాచిరి?" అని అడిగెను. మా మేనల్లుడు తన కార్యాలయపు అలవాటుచొప్పున సబ్‌వర్షన్‌లో దాచెను. మనుమనికి అలవాటైనది గిట్. అతడు నేను పైని చెప్పిన వారధిచే మేనల్లుని చరిత్రయంతయు గిట్‌లోనికి తెచ్చెను. అది విదేశయాత్రనాటితో ఆగిపోయినది. ఆ తుదిప్రతినుండి రెండు పాయలు తీసెను. నేను ప్రతి రాత్రియు భయముకొలది మేనల్లునికి మెయిలులో పంపుచు వచ్చిన ప్రతులను తేదీలవారీగా ఒక పాయలో పేర్చెను. మా మిత్రుల యింటికి తానే పోయి, వారి ప్రతులను అడిగి తెచ్చి రెండవ పాయలో పేర్చెను. వారు నాపై కోపమున్నను పిల్లవానికి కాదనలేదు.

పిదప రెండు పాయలను కలిపెను. యంత్రము రెండుచోట్ల తగవు చూపినది: ఒక సంవత్సరము, ఒక ఇంటిపేరు. ఆ తమ్మునిగారి పంక్తివద్ద మాత్రము ఏ తగవును చూపలేదు. కలిపిన ప్రతిలో ఆ పేరు మరల లేదు! నేను ఆశ్చర్యపడితిని. మనుమడు చరిత్ర విప్పి చూపెను. మేనల్లుని తుదిప్రతిలో అన్నదమ్ముల పేర్లు రెండును కలవు. మిత్రుల పాయలో మొదటినుండి తుదివఱకు రెండును కలవు. నా పాయలో ఒకనాటి రాత్రి పదునొకండు గంటల ప్రతినుండి ఒకటే కలదు. ఒక్కరే మార్చినారు కావున యంత్రము నా మార్పునే స్వీకరించినది.

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. ఇంటిపేరు ఒకటే, పేరు ఇంచుమించుగా ఒకటే. టైపులో రెండుమాఱులు పడినదనుకొని నేనే ఒకదానిని కొట్టివేసితిని. ఎవరిని అడుగలేదు, ఎచ్చటను వ్రాసికొనలేదు. మిత్రుల చేతిలో ఏ తప్పును లేదు.

"యంత్రము తగవు చూపినచోట అందఱును చూతురు, తాతగారూ, చూపనిచోటనే పెద్దలు చూడవలెను" అని మనుమడు మెల్లగా అనెను.

ఆ సాయంకాలమే మిత్రుల యింటికి పోయి చెప్పితిని. వారు వినిపించుకొని, "అడ్డగీత గీసి సంతకము చేసియుండవలసినదండి" అని మాత్రమనిరి. మఱునాడు ఇద్దఱమును కలసి ఆ వృద్ధురాలి యింటికి పోయితిమి. తప్పు నాదియని చెప్పితిని. రెండవ ముద్రణమున ఆమె భర్త పేరు చేరినది. తుదిపుటలో మొదటి ముద్రణపు తప్పును, దానిని చేసినవాని పేరును అచ్చువేయించితిమి. ఆ పేరు నాది.

ఆర్యులారా! మీలో పలువురు వంశవృక్షములు వ్రాయుచుందురు. దేవాలయపు లెక్కలు, సంఘపు తీర్మానములు దాచుచుందురు. గిట్ నేర్చుకొనుడని నేను మిమ్ము బలవంతపెట్టను. మీ మనుమలు, మనుమరాండ్రు దానిని చేసి పెట్టగలరు. సాధనములు మాఱుచుండును, ఇదివఱకే నాలుగైదు మాఱినవి. మాఱనివి నాలుగు. పూర్వప్రతిని పాఱవేయకుడు. ప్రతి మార్పునకు ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనునది వ్రాయుడు. ఇద్దఱి ప్రతులు కలుపునప్పుడు మూడవదైన పూర్వప్రతిని ప్రక్కనుంచుకొనుడు. కలిసిన పిమ్మట మనుష్యునిచేత చదివించుడు. క్రొత్త సాధనమునకు పోవునప్పుడు మా గన్నవరపు అక్విడక్టువలె, క్రొత్తది నిలిచి నీరు మరలువఱకు పాతదానిని కూల్చకుడు. మేనల్లుని పాత ప్రతులు ఆనాడు చెరిపివేసియున్నచో, నేనీనాటికిని నా మిత్రునే శంకించుచుండెడివాడను. ఆ తల్లికి చెప్పుటకు నావద్ద జవాబుండెడిది కాదు.